‘హ్యాండిచ్చాడు’ అంటే సాయమా, మోసమా? ఇంగ్లీషు జాతీయాలను సరిగ్గా వాడే పద్ధతి

‘నమ్మించి హ్యాండిచ్చాడు’ అని మనం అంటే చివరి నిమిషంలో ముఖం చాటేశాడని అర్థం. అదే సంగతి ఇంగ్లీషులో ‘హి గేవ్ మి ఎ హ్యాండ్’ అని చెబితే, సాయం చేశాడనుకుని అవతలివాళ్లు సంతోషిస్తారు. ‘గివ్ హిమ్ ఎ బిగ్ హ్యాండ్’ అంటే గట్టిగా చప్పట్లు కొట్టమని. తెలుగులో హ్యాండివ్వడాన్ని ఇంగ్లీషులో ‘హి లెట్ మి డౌన్’ అనాలి. రమ్మని చెప్పి తాను రాకపోతే ‘హి స్టుడ్ మి అప్’ అనాలి.

ఇంగ్లీషు జాతీయాలతో తెలుగువాళ్లకు వచ్చే చిక్కు చాలావరకు ఇలాంటిదే. బొత్తిగా తెలియని మాట దగ్గర ఎవరైనా ఆగి నిఘంటువు చూస్తారు. తెలిసినట్టే కనిపించే మాట దగ్గర ఆగరు, అక్కడే బోల్తా పడతారు. అందుకే పుస్తకాల వెనక ఉండే ‘500 జాతీయాలు, అర్థాలు’ లాంటి పట్టికలను బట్టీ పట్టినా నోటికి ధైర్యం రాదు. ఆ పట్టికల్లో అర్థం మాత్రమే ఉంటుంది, వాడుక ఉండదు.

ముందుగా ఒక తేడా గుర్తుపెట్టుకోండి. సామెత పూర్తి వాక్యం, దాన్ని ఉన్నదున్నట్టు చెప్పేస్తాం. జాతీయం వాక్యంలో ఒక ముక్క. కాలాన్ని బట్టి, కర్తను బట్టి అందులో కొంత భాగం కదులుతుంది, కొంత భాగం అసలు కదలదు. ‘ఎ స్టిచ్ ఇన్ టైమ్ సేవ్స్ నైన్’ సామెత. ‘స్పిల్ ద బీన్స్’, అంటే గుట్టు బయటపెట్టడం, జాతీయం. సామెతను ఒకసారి నేర్చుకుంటే సరిపోతుంది. జాతీయాన్ని వాక్యంలో కదిలించడం నేర్చుకోవాలి.

నోటు పుస్తకంలో ఏం రాసుకోవాలి

ఒక్కో జాతీయానికి అర పేజీ కేటాయించండి. అచ్చమైన రూపం ఏమిటి, అందులో మారే ముక్క ఏది, కర్త స్థానంలో మనిషి రావాలా పని రావాలా, ఎవరితో అనొచ్చు ఎవరితో అనకూడదు, తెలుగులో దగ్గరి మాట ఏది, ఆ మాటతో ఎక్కడ తేడా వస్తుంది: ఈ ఆరు వివరాలూ రాయండి. ఆ కింద మూడు సొంత వాక్యాలు రాయండి. ఒకటి భూతకాలంలో, ఒకటి ప్రశ్నగా, ఒకటి ఇంకొకరి గురించి. బడిలో తెలుగు పరీక్షలో ‘జాతీయాలను సొంత వాక్యాల్లో ప్రయోగించండి’ అని అడిగేవారు కదా, అది చాలా మంచి పద్ధతి. ఇంగ్లీషుకు వచ్చేసరికి ఎందుకో దాన్ని వదిలేశాం.

ఉదాహరణకు ‘అండర్ ద వెదర్’. తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే మాట ‘నలత’. వాతావరణంతో సంబంధం లేదు. మధ్యలో ‘ద’ తప్పనిసరి. ముందు ‘యామ్, వాజ్’ లాంటి క్రియ గానీ ‘ఫీల్’ గానీ వస్తుంది, ఆ క్రియ మాత్రమే మారుతుంది. ‘ఐ యామ్ ఫీలింగ్ ఎ బిట్ అండర్ ద వెదర్ టుడే’ అని మేనేజరుకు మెసేజ్ పెట్టవచ్చు. నిన్నటి సంగతైతే ‘ఐ వాజ్ అండర్ ద వెదర్ ఎస్టర్డే’. ఇక దాని బరువు. జలుబు, ఒళ్లునొప్పులు, కాస్త జ్వరం వరకే ఈ మాట. డెంగీతో ఆసుపత్రిలో ఉన్న మనిషి గురించి ఇలా అంటే విషయాన్ని తేలిక చేసినట్టవుతుంది. డాక్టరు దగ్గర కూడా ఇది పనికిరాదు. అక్కడ ఏ నొప్పి, ఎన్ని రోజుల నుంచి అన్నది మామూలు మాటల్లో చెప్పాలి.

వారానికి ఐదు చాలు. రాసుకున్న మర్నాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి, ఏడో రోజు ఒకసారి పేజీ మూసి పైకి చెప్పండి. కళ్లతో చదవడం కాదు, నోటితో అనాలి. ఏడో రోజున ‘ఎ’, ‘ద’ ఎక్కడున్నాయో తడుముకోకుండా చెప్పగలిగితే అది మీదైనట్టే. లేకపోతే తర్వాతి వారం ఐదింటిలో దాన్నీ కలపండి. ఈ లెక్కన ఏడాదికి 260 అవుతాయి. రోజువారీ మాటల్లో అన్ని అవసరం పడవు.

‘ఎ’, ‘ద’ దగ్గర జారుడు

తెలుగులో ‘ఎ’, ‘ద’లతో సమానమైనవి లేవు. కాబట్టి మన చెవి వాటిని వదిలేస్తుంది. మామూలు వాక్యంలో ఒక ‘ద’ పోయినా అర్థం చెడదు. జాతీయంలో మాత్రం అది పోతే పంటికింద రాయిలా తగులుతుంది. తరచూ జరిగే తప్పులివి: ‘వన్స్ ఇన్ బ్లూ మూన్’ అంటారు, అది ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’, అంటే ఎప్పుడో ఏడాదికో ఆర్నెల్లకో. ‘బర్న్ మిడ్‌నైట్ ఆయిల్’ కాదు, ‘బర్న్ ద మిడ్‌నైట్ ఆయిల్’, రాత్రంతా మేలుకుని చదవడం లేదా పని చేయడం. ‘హిట్ ద నెయిల్ ఆన్ ద హెడ్’లో రెండు ‘ద’లున్నాయి. అసలు విషయాన్ని సరిగ్గా పట్టుకుని చెప్పారన్నప్పుడు ఆ మాట వాడతారు.

‘ఇన్ ద సేమ్ పేజ్’ అనేది మన ఆఫీసుల్లో రోజూ వినిపించే తప్పు. ‘మేమంతా ఒకే మాట మీద ఉన్నాం’ అనడానికి ‘వి ఆర్ ఆన్ ద సేమ్ పేజ్’ అనాలి. ‘పేజీలో’ అని తెలుగులో ఆలోచించడం వల్ల ‘ఇన్’ వచ్చి చేరుతుంది.

క్రియ రూపం కూడా చూసుకోవాలి. ‘బైట్ ద బుల్లెట్’ (పళ్ల బిగువున కష్టమైన నిర్ణయం తీసుకోవడం) భూతకాలంలో ‘బిట్ ద బుల్లెట్’ అవుతుంది. ‘హిట్’, ‘కాస్ట్’ రెండూ మారవు: ‘ద రిపేర్ కాస్ట్ మి ఎన్ ఆర్మ్ అండ్ ఎ లెగ్’ అంటే ఆ రిపేరుకు తడిసి మోపెడైంది. ఇక్కడ కర్త వస్తువు లేదా పని. ‘ఐ కాస్ట్ ఎన్ ఆర్మ్ అండ్ ఎ లెగ్’ అంటే నా ధర అంత అన్నట్టు తేలుతుంది. ‘ఎ పీస్ ఆఫ్ కేక్’ కూడా అంతే. పని సులువు అంటారు గానీ మనిషి సులువు అనరు. నల్లేరు మీద బండి నడక అన్నచోట దీన్ని వాడుకోవచ్చు.

కొన్నింటిని తిప్పి చెప్పవచ్చు, కొన్నింటిని చెప్పకూడదు. ‘లెట్ ద క్యాట్ అవుట్ ఆఫ్ ద బ్యాగ్’ను ‘ద క్యాట్ ఈజ్ అవుట్ ఆఫ్ ద బ్యాగ్’ అన్నా గుట్టు బయటపడిందనే అర్థం. ‘హి కిక్డ్ ద బకెట్’ను ‘ద బకెట్ వాజ్ కిక్డ్’ అని మారిస్తే మాత్రం నిజంగానే ఎవరో బకెట్‌ను తన్నారని అర్థమవుతుంది. నిఘంటువు ఇచ్చిన ఉదాహరణల్లో తిప్పి రాసింది కనిపించకపోతే తిప్పకపోవడం క్షేమం.

తెలుగులా కనిపించి మోసం చేసేవి

ఈ భాగాన్ని మిగతా అన్నిటికంటే శ్రద్ధగా చదవండి. పై తప్పుల వల్ల భాష కుంటుతుంది, అంతే. ఇక్కడి తప్పుల వల్ల మనుషుల మధ్య అపార్థాలు వస్తాయి.

‘ఆఫీసులో నా కాళ్లు లాగుతున్నారు’ అంటే ఎదగనివ్వకుండా అడ్డుపడుతున్నారని మన బాధ. ‘దే ఆర్ పుల్లింగ్ మై లెగ్’ అంటే ఇంగ్లీషులో సరదాగా ఆటపట్టిస్తున్నారని. ఫిర్యాదుగా రాసిన మెయిల్‌లో ఈ మాట పడితే మేనేజరు నవ్వి ఊరుకుంటాడు. అడ్డుపడుతున్నారని చెప్పాలంటే ‘దే ఆర్ అండర్‌మైనింగ్ మి’ అని నేరుగా రాయండి. ఇక్కడ జాతీయం అక్కర్లేదు.

‘పెద్ద తలకాయ’ మనకు పలుకుబడి ఉన్న మనిషి. ‘బిగ్ హెడ్’ అంటే ఇంగ్లీషులో తన గొప్ప తానే చెప్పుకునే గర్వి. మన పెద్ద తలకాయలను ‘బిగ్ షాట్’ లేదా ‘బిగ్‌విగ్’ అంటారు, అదీ వాళ్ల ముందు కాదు.

‘గుండె రాయి చేసుకుని పిల్లను విదేశానికి పంపింది’ అన్నప్పుడు ఆ తల్లి దుఃఖాన్ని దిగమింగుకుందని చెబుతున్నాం. ‘షి హ్యాజ్ ఎ హార్ట్ ఆఫ్ స్టోన్’ అంటే ఆమెకు జాలి లేదని చెప్పినట్టు. అర్థం పూర్తిగా ఎదురు తిరిగింది. ‘షి స్టీల్డ్ హర్‌సెల్ఫ్’ అనాలి.

‘ఏరు దాటాక తెప్ప తగలేయడం’ చూస్తే ‘బర్న్ యువర్ బ్రిడ్జెస్’కు కవల పిల్లలా ఉంటుంది. కానీ తెలుగు మాటలో ఉన్నది కృతఘ్నత. ఇంగ్లీషు మాటలో ఉన్నది వెనక్కి వచ్చే దారి మూసుకోవడం. ఉద్యోగం మానేసేటప్పుడు ‘డోంట్ బర్న్ యువర్ బ్రిడ్జెస్’ అని సలహా ఇస్తే, గొడవపడి వెళ్లొద్దు, రేపు మళ్లీ అవసరం పడొచ్చు అని. మీరు విశ్వాసం లేనివారని ఎవరూ నిందించడం లేదు.

క్రికెట్ నుంచి ఒకటి. ‘ఇంటర్వ్యూలో సిక్సర్ కొట్టాడు’ అంటే మనకు ఘనవిజయం. బ్రిటన్‌లో ‘ద న్యూస్ నాక్డ్ మి ఫర్ సిక్స్’ అంటే ఆ వార్త విని కుదేలైపోయానని. అక్కడ సిక్స్ కొట్టినవాడి వైపు నుంచి కాదు, దెబ్బతిన్న బంతి వైపు నుంచి చూస్తున్నారు. ఇలా చూస్తే మళ్లీ మరిచిపోరు.

పత్రికల్లో రోజూ చూసే ‘పచ్చజెండా ఊపారు’ను ‘గ్రీన్ ఫ్లాగ్’ అని తిప్పకండి. అనుమతి ఇవ్వడం ‘గివ్ ద గ్రీన్ లైట్’. ‘గ్రీన్ ఫ్లాగ్’ అంటే ఈ రోజుల్లో కుర్రకారు మాటల్లో ఒక మనిషిలో కనిపించే మంచి లక్షణం.

మన దేశపు ఇంగ్లీషులోనే పుట్టి బయట అర్థం కానివీ ఉన్నాయి. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అని విదేశీ ఇంటర్వ్యూలో చెబితే స్పృహ తప్పి పడిపోయాననే అర్థం వస్తుంది. ‘ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2019’ అనండి. ‘అవుట్ ఆఫ్ స్టేషన్’కు బదులు ‘అవుట్ ఆఫ్ టౌన్’ అనండి. ‘డోంట్ ఈట్ మై హెడ్’ మన ‘తల తినకు’కు మక్కికి మక్కి, మనలో మనకు హాయిగా చెల్లుతుంది. బయటివాళ్లతో అయితే ‘స్టాప్ బగ్గింగ్ మి’, అదీ స్నేహితులతోనే.

అచ్చంగా కలిసేవి కూడా చాలా ఉన్నాయి. మొసలి కన్నీరు, నిప్పుతో చెలగాటం, వెన్నుపోటు, ఒకే దెబ్బకు రెండు పిట్టలు, గోరంతను కొండంత చేయడం, అందని ద్రాక్ష పుల్లన: వీటికి ఇంగ్లీషులో సరిజోడు ఉంది. ‘చేయి దాటిపోయింది’కి ‘గాట్ అవుట్ ఆఫ్ హ్యాండ్’ సరిగ్గా అతుకుతుంది. ‘చూసీ చూడనట్టు ఊరుకోవడం’ ‘టర్న్ ఎ బ్లైండ్ ఐ టు’, ‘పెడచెవిన పెట్టడం’ ‘టర్న్ ఎ డెఫ్ ఇయర్ టు’. రెండింటికీ చివర ‘టు’ ఉండాలి. మొదటిదానికి ఒక ప్రసిద్ధ కథ తోడుంది. 1801లో కోపెన్‌హేగన్ యుద్ధంలో వెనక్కి రమ్మని పై అధికారి సంకేతం ఇస్తే, నెల్సన్ చూపులేని తన కంటికి దుర్భిణి పెట్టుకుని తనకేమీ కనిపించడం లేదన్నాడట.

తెలుగు బైబిలు చదివేవారికి ఇంకో సౌకర్యం ఉంది. ‘ద ఆపిల్ ఆఫ్ హర్ ఫాదర్స్ ఐ’లో ఆపిల్ పండు ఎందుకొచ్చిందని తికమకపడతాం. అది పండు కాదు, కంటిపాప. ద్వితీయోపదేశకాండం 32వ అధ్యాయంలో ఇంగ్లీషు బైబిలు ‘ఆపిల్ ఆఫ్ హిజ్ ఐ’ అన్నచోట తెలుగు బైబిలు ‘కనుపాప’ అనే అంటుంది. అలాగే ‘ద రైటింగ్ ఈజ్ ఆన్ ద వాల్’ దానియేలు గ్రంథం 5వ అధ్యాయంలో బెల్షస్సరు రాజు విందులో గోడమీద కనిపించిన చేతిరాత. అది పతనానికి సూచన. కాబట్టి దీన్ని శుభసూచనగా వాడకూడదు. మూతపడబోతున్న కంపెనీ గురించి అనొచ్చు, పెరుగుతున్న కంపెనీ గురించి అనకూడదు.

ఆఫీసులో, క్లయింటు కాల్‌లో

హైదరాబాద్‌లో కూర్చుని మధ్యాహ్నం లండన్‌తో, రాత్రి అమెరికాతో మాట్లాడేవారికి అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ‘టేబుల్’. ‘లెట్స్ టేబుల్ దిస్’ అని బ్రిటన్‌వాళ్లంటే ఇప్పుడే చర్చకు పెడదామని, అమెరికావాళ్లంటే ప్రస్తుతానికి పక్కన పెడదామని. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్, అమెరికన్ అధికారుల మధ్య ఈ ఒక్క మాట మీద పెద్ద వాదన నడిచిందని చర్చిల్ రాశారు. మీరు మాత్రం అసలు వాడకండి. ‘లెట్స్ డిస్కస్ ఇట్ నౌ’ లేదా ‘లెట్స్ పోస్ట్‌పోన్ ఇట్’ అంటే గొడవ లేదు.

‘ఎట్ ద ఎండ్ ఆఫ్ ద డే’కూ సాయంత్రానికీ సంబంధం లేదు. ‘చివరికి తేలేదేమిటంటే’ అని దాని అర్థం. ‘బై ద ఎండ్ ఆఫ్ ద డే’ అంటే మాత్రం ఈరోజు పని ముగిసేలోగా పంపాలని గడువు. ‘ఎట్’, ‘బై’ తేడా వినకపోతే గడువు దాటిపోతుంది. ‘లెట్స్ కాల్ ఇట్ ఎ డే’ అంటే ఈరోజుకు పని చాలిద్దామని.

అమెరికా ఆఫీసు మాటల్లో చాలా వాటికి మూలం బేస్‌బాల్. ‘టచ్ బేస్ విత్’ అంటే ఒకసారి పలకరించి సంగతి తెలుసుకోవడం. ‘బాల్‌పార్క్ ఫిగర్’ అంటే ఉజ్జాయింపు లెక్క. అది అడిగినప్పుడు పైసలతో సహా లెక్క ఇవ్వక్కర్లేదు, ‘సుమారు ఆరు వారాలు’ అంటే చాలు. ‘త్రో ఎ కర్వ్‌బాల్’ అంటే ఊహించని చిక్కు తెచ్చిపెట్టడం. ‘రైట్ ఆఫ్ ద బ్యాట్’ అంటే వెంటనే. దీన్ని బ్రిటన్‌వాళ్ల ‘ఆఫ్ హిజ్ ఓన్ బ్యాట్’తో కలపకండి, అది ఎవరూ చెప్పకుండా సొంత చొరవతో చేయడం, క్రికెట్ మాట. అమెరికావాళ్లకు క్రికెట్ జాతీయాలు చాలావరకు ఎక్కవు. ‘స్టికీ వికెట్’ అంటే ఇబ్బందికర పరిస్థితి అని లండన్‌లో తెలుస్తుంది, డల్లాస్‌లో తెలియకపోవచ్చు.

ఇంకొన్ని మాటలు రెండు దేశాల్లోనూ కొద్ది తేడాతో ఉన్నాయి. బ్రిటన్‌లో ‘టచ్ వుడ్’, అమెరికాలో ‘నాక్ ఆన్ వుడ్’. బ్రిటన్‌లో తప్పును ‘కార్పెట్’ కింద ఊడ్చేస్తారు, అమెరికాలో ‘రగ్’ కింద. సముద్రంలో నీటిబొట్టు బ్రిటన్‌లో ‘ఎ డ్రాప్ ఇన్ ద ఓషన్’, అమెరికాలో ‘ఎ డ్రాప్ ఇన్ ద బకెట్’. ఏది వాడినా అర్థమవుతుంది. ఒకే పత్రంలో రెండూ కలపకపోతే చాలు.

మెయిల్‌లో ఒకటికి మించి జాతీయాలు వద్దు. గడువు, డబ్బు, బాధ్యత ఉన్న వాక్యంలో ఒక్కటి కూడా వద్దు.

ఎవరి దగ్గర ఏది

చావు దగ్గర అతి జాగ్రత్తగా ఉండాలి. ‘కిక్ ద బకెట్’ మన ‘టపా కట్టేశాడు’ లాంటిది. పట్టికలో ‘మరణించుట’ అని మాత్రమే ఉంటుంది కాబట్టి సంతాప సందేశంలో వాడేసే ప్రమాదం ఉంది. ‘యువర్ ఫాదర్ పాస్డ్ అవే’ అనే రాయండి. ‘గెట్ యువర్ యాక్ట్ టుగెదర్’ (ముందు నీ తీరు సరిచేసుకో) పై అధికారితోనే కాదు, మీ కింద పనిచేసేవారితో కూడా అనదగిన మాట కాదు. మన భాషలో ‘మీరు’, ‘నువ్వు’ తేడా వినగానే తెలుస్తుంది. ఇంగ్లీషులో ఆ మర్యాద సర్వనామంలో ఉండదు, మాటల ఎంపికలో ఉంటుంది.

ఈ సంగతి తెలియడానికి నిఘంటువులోని చిన్న గుర్తులు చూడండి. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ నిఘంటువులు రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. జాతీయంలోని ముఖ్యమైన నామవాచకంతో వెతకండి: ‘బకెట్’, ‘బీన్స్’, ‘వెదర్’. అర్థం పక్కన ‘ఇన్‌ఫార్మల్’ అని ఉంటే సన్నిహితుల మధ్యే. ‘డిస్అప్రూవింగ్’ అంటే తప్పుపట్టే స్వరం. ‘ఓల్డ్-ఫ్యాషన్డ్’ అంటే చదివితే అర్థం కావడానికే, మాట్లాడటానికి కాదు.

పరీక్షల సంగతి వేరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ లాంటి పరీక్షల్లో ఇచ్చిన జాతీయానికి సరైన అర్థం ఎంచుకోమంటారు. మాటకు మాట సరిపోయే ఎంపిక చాలాసార్లు ఎరగా పెట్టిందే. ‘బరీ ద హాచెట్’కు గొడ్డలి, తవ్వకం ఉన్నవి వదిలేసి ‘రాజీపడటం’ వెతకండి. ‘సెట్ ద థేమ్స్ ఆన్ ఫైర్’ (గొప్ప ఘనకార్యం చేయడం) లాంటివి పరీక్షలో వస్తాయి గానీ మాటల్లో వినిపించవు. వీటికి వేరే పుస్తకం పెట్టండి. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ కూడా అందులోకే చేర్చండి. కుండపోత వానకు జనం ‘ఇట్స్ పోరింగ్’ అంటారు.

విదేశాలకు వెళ్లేవారు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. మార్కులిచ్చే నాలుగు అంశాల్లో పదసంపద ఒకటి. పై బ్యాండ్ల (ఎక్కువ స్కోర్ల) వివరణలో ‘ఇడియొమాటిక్’ అన్న మాట చూసి సామెతలు కుక్కేవాళ్లున్నారు. ఆ మాటకు అర్థం సహజమైన పలుకుబడి. రెండు మూడు జాతీయాలు సందర్భానికి అతికేలా వస్తే మేలు, అతకకపోతే నష్టం. రైటింగ్‌లో వ్యాసానికి మాత్రం వాడకండి, అక్కడి శైలి వేరు.

ఇక మీటింగులో తెలియని జాతీయం వినిపిస్తే తల ఊపకండి. ‘సారీ, ఐ యామ్ నాట్ ఫెమిలియర్ విత్ దట్ ఎక్స్‌ప్రెషన్. వాట్ డస్ ఇట్ మీన్?’ అని అప్పుడే అడగండి. అడగడానికి వీల్లేని చోట, మీకు అర్థమైనది మామూలు మాటల్లో తిరిగి చెప్పండి: ‘సో యు వాంట్ ద రిపోర్ట్ బై ఫ్రైడే, రైట్?’ పొరపాటైతే వాళ్లే దిద్దుతారు. ఆ జాతీయాన్ని, అది వినిపించిన వాక్యంతో సహా, ఆ సాయంత్రమే పుస్తకంలోకి ఎక్కించండి.